సెన్ బామ్మ దాచమన్న ఫొటో

మొదటి పూలచక్రం వచ్చేసరికి సెన్ బామ్మ వాకిట్లో పీట వేసుకుని తాంబూలం నములుతోంది.

"ఎవరు పోయార్రా?" అని అడిగింది, తెచ్చినవాణ్ణి.

వాడు చక్రం మీది పేరు చదివాడు. బామ్మ వంక చూశాడు. దాన్ని అక్కడే దించేసి బండెక్కి పారిపోయాడు.

మధ్యాహ్నానికి పేటంతా అగరువత్తులు పట్టుకుని వచ్చేసింది. సైగాన్‌లో ఉన్న కొడుకు ఏడుస్తూ విమానమెక్కాడు. అందరి ఫోన్లలోనూ ఒకటే ఫొటో. నీలి తెర ముందు, నల్ల పట్టు అంగీలో, మెడలో ముత్యాలతో బామ్మ నవ్వుతోంది. వాళ్ళుండే హ్యూ పట్నంలో అలాంటి ఫొటో మనిషి పోయాకే బయటికొస్తుంది. పెద్దవాళ్ళు ఓపిక ఉండగానే తీయించుకుని, గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకుంటారు. పోయిన రోజున అది పూజాపీఠం ఎక్కుతుంది.

దాన్ని తీసింది పేటలో ఫొటో స్టూడియో నడిపే ట్రాం అనే అమ్మాయి. ఆమె మనసిచ్చిన కియెట్ దాన్ని నెట్‌లో తన కాఫీ కొట్టు పేజీలో పెట్టాడు. పైగా కింద "ఈ నవ్వుని ఎన్నటికీ మరవలేం" అని రాశాడు, మహానుభావుడు.

ట్రాం కొట్లో అడుగుపెట్టగానే అతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చూశావా? ఊరంతా నీ ఫొటోనే షేర్ చేస్తోంది!"

"తీసెయ్."

"ఎందుకు? నీ పేరు కూడా పెట్టాను కదా!"

"పేరు ఎవడికి కావాలి? పెట్టనా అని నన్నడిగావా?"

"మన మధ్య అడగడాలేంటి? నువ్వే కదా పంపావు!"

"వెలుతురు సరిపోయిందో లేదో చెప్పమని పంపాను, దండోరా వెయ్యమని కాదు. బామ్మ పోయిందనుకుని పూలచక్రాలు తెస్తున్నారు, వెళ్ళి చూడు. ఆ నీలి తెర చూసైనా తెలియలేదా నీకు?"

"నువ్వు తీశావన్నదే చూశాను, ట్రాం. ఇంకేం కనబడలేదు."

వేరే రోజైతే ఆ మాటకి ఆమె కరిగిపోయేది.

అతను తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటికే అది ఎక్కడెక్కడికో పాకిపోయింది.

పేటలోని ముసలివాళ్ళే ట్రాంకి బతుకుతెరువు. పోయేదాకా ఎవరి కంటా పడనివ్వనని మాటిచ్చి వాళ్ళ ఫొటోలు తీసేది. ఇప్పుడు ఒక్కరూ రావడం లేదు. పక్కింటి తాత "నన్నూ ముందే పంపించేస్తావా అమ్మాయ్?" అని నవ్వుతూనే అడిగాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. ప్రేమ కొద్దీ ఆ ఫొటో పంపింది తనేనని గుర్తొచ్చినప్పుడల్లా ట్రాంకి తన మీద తనకే అసహ్యం వేసేది.

సెన్ బామ్మే ఆమె చెయ్యి పట్టుకుంది. "నా చావుకి ఎవరొస్తారో బతికుండగానే చూసుకున్నానే. మా తోడికోడలు రాలేదు, గమనించావా? ఆ పిల్లాడు చెడ్డవాడు కాదు. తప్పొప్పుకుంటే మన్నించి పెళ్ళి చేసుకో."

కొన్నాళ్ళకి కియెట్ జోరువానలో తడిసి ఆమె స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పు నాదే. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ట్రాం మనసు మెత్తబడింది. నీళ్ళు కారుతున్న ఆ జుట్టు చూస్తే జాలేసింది. తువ్వాలు తీసింది. అంతలో ఫోన్ మోగింది. స్నేహితురాలు అభినందనలు పంపింది. వెనకే ఇంకొకరు.

అతని పేజీలో వాళ్ళిద్దరి ఫొటో. నది ఒడ్డున గట్టు మీద కెమెరా పెట్టి ట్రాం తీసింది. కింద అతని క్షమాపణ, పెళ్ళి కబురు.

"ఇది పెట్టనా అని నన్నడిగావా?"

"అందరి ముందూ క్షమాపణ చెప్తే సంతోషిస్తావనుకున్నా..."

"అడిగావా?"

కియెట్ తల దించుకున్నాడు. "అడిగితే వద్దంటావేమోనని భయమేసింది."

"నేను వద్దనగలగాలనే కదా, కియెట్, అడగమనేది!"

అతనంటే ఇంకా ఇష్టమే, అదే ఆమె ఏడుపు. తువ్వాలు అతని చేతిలో పెట్టి, తల తుడుచుకుని వెళ్ళమంది.