హార్విల్ దొర గొంతు

పోర్టుకి వెళ్ళే పాతూరి దారిలో దొరల హాలు ఉందే... చీకటి పడ్డాక దాని పక్క సందులోంచి పోయే మొనగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, చూద్దాం.

పూర్ణా మార్కెట్లో బస్తాలు మోసే కలాసీలు కూడా చుట్టు తిరిగి పోతారు గానీ ఆ సందు తొక్కరు. హాల్లోంచి ఓ దొర గొంతు ఇంగ్లీషులో ఏదో చెబుతుందట. చెబుతూ చెబుతూ మధ్యలో టక్కున ఆగిపోతుందట. ఆ ఆగినప్పుడు ఎవరైనా బదులు పలికారో — వాళ్ళ గొంతు దొరది అయిపోతుంది. ఆ హాలుకి ఉన్న పేరు అదీ. నాటకం ఉన్న రాత్రుల్లో మాత్రం జనం సందడికి ఆ గొంతు లేవదట.

తొంభై ఎనిమిదిలో అలాంటి హాల్లోకి రాత్రి పదకొండింటికి ఒంటరిగా వెళ్ళాడు గురునాథరావు.

పిచ్చోడేం కాదండీ. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, కూర్మన్నపాలెంలో కాపురం. నాటకాల సమాజంలో ఇరవై రెండేళ్ళుగా ప్రాంప్టరు. పక్క తెర వెనక పుస్తకం పట్టుకు కూచుని, మాట మరిచిపోయిన నటుడికి గుసగుసగా అందిస్తాడు. స్టేజీ మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు. అలాంటిది, రేపు ఆ హాల్లోనే నాటకమనగా రాజు వేషం కట్టే భీమశంకరరావుకి పచ్చకామెర్లు ముదిరాయి. పద్యాలన్నీ పొల్లుపోకుండా వచ్చినవాడు ఇంకెవడు?

"నువ్వే కట్టాల బావా" అన్నారందరూ.

పెళ్ళాం ఈశ్వరి సంబరం చెప్పనలవి కాదు. "ఇన్నాళ్ళూ తెర సాటు గుసగుసలేనాయె! రేపు ముందు వరసలో కూకుంటాను. నీ గొంతు నాను ఇనాల" అంది.

ఆ మాటతో గురునాథరావుకి కాలు నిలవలేదు. ఒక్కసారి ఆ స్టేజీ మీద నిలబడి పద్యం ఎత్తి చూసుకోవాలి. రాత్రి పదింటికి బీ షిఫ్టు దిగి తిన్నగా హాలుకే పోయాడు.

తాళం హాలు ఊడ్చే జోగమ్మ దగ్గర ఉంటుంది. జాలారిపేట మనిషి, హాలు వెనక గదిలోనే మకాం.

"తెల్లారేక రా బాబూ" అంది.

"మళ్ళీ నాకు టైం ఏదప్పా? తాళం ఇచ్చీ."

జోగమ్మ గొంతు తగ్గించింది. "ఆ గొంతు ఎవుడిదనుకున్నావు? హార్విల్ దొర. యుద్ధం రోజుల్లో సిపాయిగా ఒచ్చి, తొలి వేషం ఈ స్టేజీ మీదే కట్టినాడట. తరవాత ఆళ్ళ దేశంలో పెద్ద నటుడైపోనాడు. నాటకాలు, సినిమాలు... రేడియోలో అయితే ముప్పై ఏళ్ళు. ఓ రోజు రేడియోలో మాటాడతా మాటాడతా ఉంటే — నడిమిన గొంతు పోయింది. ఏదో జబ్బట. మరి రానేదు."

"నీకెలా తెలుసు?"

"కూడా ఒచ్చినోలు సెప్పినారు. సచ్చిపోయే ముందు ఓపాలి ఈడికొచ్చినాడు. నాను సూసినాను. స్టేజీ ఎక్కి నోరు తెరిసినాడు... సప్పుడు నేదు. సంటిపిల్లడిలాగ ఏడ్సినాడు బాబూ." తాళంచెవి ఇస్తూ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆడు ఆగితే నువ్వు పలక్కు. రేపు నీకు గొంతు కావాల."

లోపల చిమ్మచీకటి. గబ్బిలాల కంపు.

గురునాథరావు స్టేజీ ఎక్కాడో లేదో... మొదలైంది.

గంభీరమైన గొంతు. ఒక్కొక్క మాటా గుండె మీద చెయ్యి వేసి చెబుతున్నట్టుంది. గురునాథరావు వెనక్కి వెనక్కి జరిగి, అలవాటు కొద్దీ పక్క తెర చాటున, తన పాత చోట్లోనే చతికిలబడ్డాడు.

గొంతు ఆగింది.

మళ్ళీ మొదట్నించి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే... ఎవరో ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. తనకోసమే!

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు పాపం. కానీ పాలు పొంగుతుంటే చూస్తూ ఊరుకునే ఇల్లాలుంటుందా? స్టేజీ మీద మాట ఆగితే ఊరుకునే ప్రాంప్టరూ ఉండడు. తడబడ్డ ప్రతి నటుడికీ చెప్పే మాటే జారిపోయింది.

"సెప్పండి బాబూ... నానున్నాను."

మంచుముక్క మింగినట్టు గొంతులోకి ఏదో దిగింది. గురునాథరావు పరుగో పరుగు!

తెల్లారి భయం భయంగా నోరు తెరిచాడు. గొంతు గంటలా ఖంగుమంది. హమ్మయ్య! దెయ్యం లేదు, గియ్యం లేదని తనే నవ్వుకున్నాడు.

ఆ రాత్రి హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసలో ఈశ్వరి, కొత్త చీర కట్టుకుని. తెర లేచింది. హార్మోనియం శ్రుతి అందించింది. కిరీటం సర్దుకుని, గురునాథరావు పద్యం ఎత్తుకున్నాడు —

ఇంగ్లీషు!

తన గొంతు కాదది. నోరు మూద్దామన్నాడు, దవడ మాట వినలేదు. గొంతు సాగిపోతోంది... రాత్రి ఆగిన చోటికి వచ్చింది... ఆగలేదు. దాటింది. ఏళ్ళ తరబడి మిగిలిపోయిన మాటలన్నీ చివరిదాకా చెప్పి, నెమ్మదిగా ముగించింది.

"అది మా ఆయన గొంతు కాదు..." ఈశ్వరి లేచి నిలబడింది.

గురునాథరావు గొంతులో మంచు కరుగుతోంది. దొర వెళ్ళిపోతున్నాడు! ఇక పద్యం తనదే. ఈశ్వరి వింటుంది. గుండెనిండా ఊపిరి తీసుకున్నాడు —

మన జనం సంగతి తెలుసు కదా. మాట అర్థం కాకపోయినా గొంతు బాగుంటే చాలు.

"వన్స్ మోర్!" అని వెనక బెంచీల్లోంచి ఎవడో అరిచాడు.

అంతే. హాలు హాలంతా అందుకుంది. ఈలలు, చప్పట్లు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

"అనకండ్రా నాయినా! మీకు దణ్ణవెడతాను, అనకండ్రా!" జోగమ్మ చీపురు పారేసి గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. ఎవడు వింటాడు?

ఆ మాట చెవిన పడ్డాక వెళ్ళిపోయే నటుడు ఏ దేశంలోనైనా ఉన్నాడా?

గురునాథరావు ఈశ్వరి వంక చూశాడు. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. గొంతులోకి మళ్ళీ మంచు దిగింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

దొర మొదట్నించి ఎత్తుకున్నాడు.