అడగకుండా ఇచ్చిన నీళ్ళు

చెల్లెలి సంచిలో మందాకిని కరివేపాకు పొడి డబ్బా పెట్టింది. వకుళ దాన్ని తీసి బల్లమీద పెట్టింది. అక్క మళ్ళీ పెట్టింది. చెల్లెలు మళ్ళీ తీసింది.

"ఒద్దక్కా. తోల్మాకి తిండి మోసుకెళ్తే మీ ఇంట్లో పొయ్యి వెలగదు అన్నట్టే."

"నెల్లాళ్ళూ ఆ నాచు రొట్టె తింటావా?"

"తలుచుకుంటేనే నోరూరుతోంది. అంతా నీ యంత్రం చలవేగా!"

వకుళ నవ్వింది. మందాకినికి నవ్వే ఓపిక లేదు.

అంగారకుడి మీద తెలుగువాళ్ళ ఊరు కొత్తదివి. లోయకు అవతల మరో దేశంవాళ్ళ ఊరు తోల్మా. రెంటికీ తాగునీరు నడుమనున్న ఒక్క మంచుగని నుంచే రావాలి. దాన్ని పంచుకోవడానికి కూర్చున్న ప్రతిసారీ చర్చలు చెడ్డాయి. పోయినసారి మొదలవకముందే చెడ్డాయి. గుమ్మంలోకి వచ్చిన తోల్మా ప్రతినిధులకు మనవాళ్ళు అలవాటు కొద్దీ మంచినీళ్ళ గ్లాసులు అందించారు. తోల్మావాళ్ళ పెద్దలు నీళ్ళ కరువులో చచ్చి బతికినవాళ్ళు. అడగకుండా నీళ్ళివ్వడమంటే అక్కడ ముష్టివాడా అని తిట్టడమే. వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. గనికి రెండు పక్కలా తుపాకులు చేరాయి.

అప్పుడు మందాకిని పరకాయినిని తయారుచేసింది. తలకు తొడుక్కునే, మాట్లాడే యంత్రం అది. న్యూరల్ ఇంప్రింటింగ్ అనే పద్ధతిలో అవతలివాళ్ళ జ్ఞాపకాలను, చిన్నప్పటి దాహంతో సహా, నేర్చుకునేవాళ్ళ మెదడులో అచ్చువేస్తుంది. భాషా, చట్టమూ పుస్తకాల్లో దొరుకుతాయి. ఎదుటివాడికి ఎక్కడ తగిలితే నొప్పో దొరకదు. మధ్యవర్తికి కావలసింది అదేనని ఆమె నమ్మింది. కొత్తదివి తరఫు మధ్యవర్తిగా వకుళ తోల్మా జ్ఞాపకాలు నేర్చుకుంది. పక్షపాతం అనిపించుకోకూడదని తోల్మాకూ ఒక యంత్రం పంపారు. అక్కడ ఇర్వెన్ అనే బడిపంతులు కొత్తదివి జ్ఞాపకాలు నేర్చుకున్నాడు.

బయల్దేరేముందు మందాకిని గ్లాసుతో నీళ్ళిచ్చింది. వకుళ ముఖం ఎర్రబడింది.

"ఏమైందే?"

"ప్రేమతోనే ఇచ్చావని తెలుసు. అయినా ఒళ్ళు మండిందక్కా."

"మానెయ్యవే తల్లీ. ఇంకెవరినైనా పంపిస్తారు."

"వాళ్ళకి నేర్పేలోగా కాల్పులు మొదలవుతాయి." తాగకుండానే గ్లాసు పక్కన పెట్టింది. "వెళ్తాను."

"వెళ్ళొస్తాననాలే!"

వకుళ అప్పటికే ఎయిర్‌లాక్ దాటింది. ఆ రోజు మందాకిని ఇల్లు ఊడవలేదు.

గని దగ్గర జరిగిన చర్చలను ఆమె తెరమీద చూసింది. మొదటి రెండు రోజులూ మధ్యవర్తులిద్దరూ నెమ్మదిగానే మాట్లాడారు. మూడో రోజు వకుళ తన కుర్చీని తోల్మావాళ్ళ వరసలోకి జరుపుకుంది.

"మా పిల్లలు నాలుక పిడచకట్టి పోయారు. ఈ గని మాది!" అంది.

ఇర్వెన్ బల్ల గుద్దాడు. "ఇంటికొచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చిన పాపానికి మా మీదకి తుపాకులు తెస్తారా? ఒక్క చుక్క వదలం!"

రెండు పక్కల పెద్దలూ వాళ్ళిద్దరినీ శాంతపరచలేక అలసిపోయారు. చర్చలు ముగిశాయి. సాయంత్రానికి గని దగ్గర కాల్పులు వినిపించాయి.

మందాకిని యంత్రం ముందు కూలబడింది. "మధ్యలో నిలబడమని కదా నేర్పమన్నాను?"

"మీరిచ్చిన జ్ఞాపకాలన్నీ ఏదో ఒక ఊరివే," అంది పరకాయిని. "మధ్యలో పుట్టి పెరిగినవాళ్ళు ఎవరూ నాకు దొరకలేదు."

తలుపు చప్పుడైంది. మన ప్రతినిధులతో పాటు వచ్చేసిన ఇర్వెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మందాకిని చెయ్యి దానంతటదే గ్లాసు అందించింది. అతను గటగటా తాగేశాడు.

"ప్రాణం లేచొచ్చిందక్కా."

"వకుళ ఏదయ్యా?"

అతను మూతి తుడుచుకున్నాడు. "వాళ్ళ మనిషి సంగతి మనకెందుకక్కా?"

వకుళ కొత్తదివి విడిచింది 2131 మార్చి ఆరున. తిరిగి రాలేదు.