పెద్దమ్మకు వినపడని ఫోను

ఆ ఆదివారం కోల్‌మన్ గాన్ ఊరికి ఫోను చేసేసరికి బాగా ఆలస్యమైంది. ఇంగ్లండులోని కోవెంట్రీలో అతని వీధి చివర ఫోను బూత్ ముందు తనలాంటి ఐరిష్ కుర్రాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కడికీ ఊళ్ళో ఒక తల్లో, చెల్లెలో ఉంది. అతనికి విన్నీ పెద్దమ్మ ఉంది. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ఐర్లండులో మేయో తీరాన డూగర్ అనే పల్లె ఆవిడది. ఊరికంతటికీ ఉన్న ఒక్క ఫోను పోస్టాఫీసు నడిచే కొట్లోనే ఉంది.

"మీ పెద్దమ్మగారు తడిసిన కోటుతో పిండి బస్తా మీద కూర్చుని ఉన్నారు," అంది అవతల ఒక ఆడగొంతు. "తీరిక ఇప్పటికి చిక్కిందా మీకు?"

ప్రతి ఆదివారం పలికే ముసలి పోస్ట్‌మిస్ట్రెస్ గొంతు కాదది. మీరెవరని అడిగాడు.

"రిసీవరు పట్టుకున్నదాన్ని."

పేరు బ్రీజ్ ఫీనీ అనీ, స్లైగో నుంచి ఆ ముసలావిడ స్థానంలో కొత్తగా ఉద్యోగానికి వచ్చిందనీ తర్వాత తెలిసింది.

విన్నీ పెద్దమ్మకు చెవుడు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టేస్తుంది. ఫోనులో మాత్రం గాలి హోరు తప్ప మరేమీ వినిపించదు. అందుకని కోల్‌మన్ చెప్పింది బ్రీజ్ ఆవిడకు చెప్పాలి, ఆవిడ అన్నది తిరిగి ఫోనులో చెప్పాలి. పాతావిడ రెండు ముక్కల్లో తేల్చేసేది. బ్రీజ్ అక్షరం పొల్లు పోనిచ్చేది కాదు. తిట్లు కూడా.

ప్రతి ఆదివారం చర్చికి వెళ్తున్నానని అతను చెప్పమన్నాడు. చెప్తాను గానీ నమ్మించే పూచీ నాది కాదు అంది బ్రీజ్. చెప్పింది. పెద్దమ్మ నమ్మలేదు.

వారాలు గడిచే కొద్దీ పెద్దమ్మతో మాటలు అయ్యాక ఇంకొన్ని మాటలు మిగలసాగాయి. మొదట వానల గురించి. తర్వాత అతని దగ్గు గురించి. ఆ తర్వాత దేని గురించో చెప్పడం కష్టం. కోల్‌మన్ బూత్‌కి వెళ్ళే ముందు గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ఫోనులో గడ్డం కనపడదురా అని గదిలో వాళ్ళు నవ్వారు. మీరు కాస్తా నువ్వు అయింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

ఒక ఆదివారం పెద్దమ్మ ఏదో అంది. బ్రీజ్ గొంతు మార్చకుండా చెప్పింది. "పాలకేంద్రం మేనేజరు కొత్త పోస్ట్‌మిస్ట్రెస్‌ని చేసుకుంటాడని ఊరంతా అనుకుంటున్నారట. నీకు చెప్పమంటోంది."

కోల్‌మన్ మంచిది అన్నాడు. ఫోను పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం అతను ఫోను చేయలేదు. ఆ పై వారమూ చేయలేదు. పెద్దమ్మ రెండుసార్లూ వచ్చి కొట్టు మూసేదాకా కూర్చుని వెళ్ళింది. మూడో వారం ఫోను మోగింది. అతని మేస్త్రీ టొరంటో వెళ్తున్నాడట, తననూ రమ్మంటున్నాడట. వెళ్తే ఇక ఎప్పటికి వస్తాడో తెలియదు. పెద్దమ్మకు చెప్పమన్నాడు.

బ్రీజ్ చెప్పలేదు.

"ఏం, చెప్పవేం?"

"చెప్పను. అది నా నోటితో చెప్పించకు. అంతగా వెళ్ళాలనుంటే వచ్చి నువ్వే ఆవిడ మొహం చూసి చెప్పు."

"నీకేం పోయింది? నీకు మేనేజరు ఉన్నాడుగా."

"ఆయనకు పెళ్ళాం, నలుగురు పిల్లలు ఉన్నారు. మీ పెద్దమ్మ అన్న మాట నీకు అందించాను. అందించడం నా ఉద్యోగం."

"అబద్ధమని తెలిసే అందించావా?"

"నువ్వేమంటావో విందామనిపించింది. మంచిది అన్నావు."

బూత్ అద్దం మీద ఎవరో నాణెంతో కొడుతున్నారు. కోల్‌మన్ అటు వీపు తిప్పాడు. "అయితే ఇది అందించు. బ్రీజ్ ఫీనీ నన్ను చేసుకుంటుందేమో కనుక్కోమను."

చర్చి నుంచి వచ్చినవాళ్ళతో కొట్టు నిండి ఉంది. బ్రీజ్ పెద్దమ్మ వైపు తిరిగింది, నోరు తెరిచింది, మూసేసింది. ఏమంటున్నాడని పెద్దమ్మ అడిగింది. లైను సరిగా లేదంది బ్రీజ్. ఆ ఊళ్ళో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అదే. ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, ఎవరికో టీ పొడి తూచి ఇచ్చింది.

శుక్రవారం పింఛను రోజు. వాన. ముసలివాళ్ళంతా గొడుగులు ముడిచి వరసలో నిలబడ్డారు. వరసలో విన్నీ పెద్దమ్మ కూడా ఉంది. బ్రీజ్ తల వంచుకుని ముద్రలు వేస్తోంది.

"ఒక స్టాంపు ఇప్పిస్తారా," అన్నారెవరో.

బ్రీజ్ చేతిలోని ముద్ర ఆగిపోయింది. తల ఎత్తకుండానే అంది. "గొంతు ఇలా ఉండే మనిషి ఇంకాస్త పొడుగ్గా ఉంటాడనుకున్నాను."

"నేను నువ్వింకాస్త కోపంగా ఉంటావనుకున్నాను."

అప్పుడు చూసింది. నీళ్ళు కారుతున్న కోటు, చేతిలో పెద్ద పెట్టె. నాలుగు రోజులు చూసి పోయేవాడి సంచి కాదది. నాకిక్కడ ఉద్యోగం ఉంది, కోవెంట్రీకీ రాను, టొరంటోకీ రాను అంది. ఇక్కడి ఓడరేవు గోడ కట్టే పనికి మనుషులు కావాలంటే పేరు ఇచ్చి వస్తున్నాను అన్నాడతను. కూలి సగమే, అయినా ఒప్పుకున్నాడట.

విన్నీ పెద్దమ్మ వరస దాటుకుని ముందుకొచ్చింది. అతని చెంప తడిమింది, చిక్కిపోయావంది. తర్వాత బ్రీజ్ వైపు తిరిగింది.

"నాకు పోయినవి చెవులే పిల్లా, కళ్ళు కాదు. ఆర్నెల్లుగా ఫోను పట్టుకున్నప్పుడల్లా నీ మొహం చూస్తూనే ఉన్నాను. మేనేజరు మాట ఊరికే పుట్టించానా? వీడేదో అడిగాడుగా, జవాబు చెప్పు. ఇంతమంది ఎదురు చూస్తున్నారు."

బ్రీజ్ మెల్లగా ఏదో అంది.

"ఎవరికీ వినపడలేదు," అంది పెద్దమ్మ.

బ్రీజ్ ముద్ర పక్కన పెట్టింది. "చేసుకుంటాను అన్నాను," అంది, వాకిట్లో వానలో నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా.