ట్రేలో మిగిలిన ఉంగరం

“జేబులు ఖాళీ చెయ్యండి. ఇనుప ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు.”

మెకానిక్‌కి ఒళ్లు మండింది. “స్కాన్ నాకా, కుక్కకా?”

“కుక్కకే. దాన్ని లోపలికి మోసుకొచ్చేది మీరేగా! ఎమ్మారై మిషన్లోని అయస్కాంతం మీ స్పానర్‌ని లాగిందంటే మధ్యలో ఎవరున్నారో చూడదు” అంది స్కానింగ్ డాక్టరమ్మ.

స్పానర్, నట్లు, బోల్టులు ట్రేలో కుమ్మరించాడు.

“ఉంగరం కూడా. ఎంగేజ్‌మెంట్‌దైనా సరే!” ఓరగా చూసిందామె.

అతను అదీ లాగి ట్రేలో పడేశాడు. ప్రాణమంతా కాళ్ల దగ్గర పడుకున్న పెద్దాయన మీదే ఉంది. పెద్దాయనంటే అతని షెడ్డు కుక్క. నెలల తరబడి ముందు కాలు కుంటుతోంది. ఎక్స్‌రేల్లో ఎముకలు భేషుగ్గా ఉన్నాయి. కీళ్లనొప్పులన్నారు, మాత్రలిచ్చారు. కాలు మాత్రం పుల్లలా ఎండిపోయింది.

“మళ్లీ ఫొటోయేనా? కాలు కనబడట్లేదా మీకు?”

“కనబడుతోంది. ఎక్కడ ముట్టుకుంటే అరుస్తాడు?”

ఇన్నాళ్లూ ఆ మాట అడిగినవాళ్లే లేరు. అతని గొంతు దిగింది. “చంకలో చెయ్యేసి ఎత్తితే కరవబోతాడండీ. నన్నే!”

ఆమె ముఖంలో చిలిపితనం పోయింది. “అయితే చంక నుంచి మెడదాకా తీస్తాను. ఎక్స్‌రేకి ఎముక తెలిసినట్టు నరం తెలీదు.”

మత్తులో పెద్దాయన గురక. బయట వాన. కాసేపటికి తెర మీద, కాల్లోకి దిగే నరాల మధ్య, తాడుకి ముడి పడ్డట్టు తెల్లగా ఒక గడ్డ.

“నరానికి పట్టిన గడ్డ. వెన్నుపాములోకి ఇంకా పాకలేదు. కాలు తీసేస్తే బతుకుతాడని నా ఆశ.”

“మూడు కాళ్లతోనా?”

“మూడు చక్రాల బండ్లు మీరు బాగుచెయ్యరా?”

ఏడుస్తూనే నవ్వేశాడు. సరేనన్నాడు.

పెద్దాయన బతికాడు. మూడు కాళ్ల మీదే షెడ్డంతా ఏలుతున్నాడు. ఓ సాయంత్రం వానలో ఆమె స్కూటర్ అక్కడ ఆగింది.

“ఈ ఉంగరం ట్రేలో మరిచిపోయారు. మీ కాబోయే ఆవిడ కోప్పడలేదా?”

“ఏ ఆవిడండీ? అది పాత నట్టు! ఖాళీగా ఉన్నప్పుడు ఆకురాయితో అరగదీసి చేసుకున్నా.”

“ముందే చెప్పొచ్చుగా! ఇన్నాళ్లూ దీన్ని చూసి నేను...” నాలుక కరుచుకుంది.

పెద్దాయన గెంతుతూ వచ్చి ఆమె చేతికింద తల దూర్చాడు. లోపల్నుంచి అతని అమ్మ కేకేసింది. “ఒరేయ్, మన పెద్దాయన్ని బతికించిన పిల్లని వానలో నిలబెడతావేంట్రా! లోపలికి తీసుకురా. ఇంకెక్కడికీ పంపకు!”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఆ రోజు మిమ్మల్ని కసిరాను. మీరు నా వాణ్ణి నాకిచ్చారు. నా దగ్గరున్నది ఈ నట్టే. ఉంచుకుంటారా?”

వేలికి వదులైంది. బొటనవేలికి తొడుక్కుంది. “నా స్కాన్ రూమ్‌లోకి ఇనుము రాకూడదే?”

“డ్యూటీకి వెళ్లేటప్పుడు ఇక్కడ తీసి పెట్టండి. సాయంత్రం వచ్చి తొడుక్కోండి. రోజూ.”