రెండోసారికీ మూడోసారికీ నడుమ

గొంతు పోయినవాళ్లకు మాటనిచ్చే మూడు కంఠపెట్టెలూ ఒకే అచ్చులోవి. ఒకే చిప్పు, ఒకే స్మృతి, గోరంత బ్యాటరీ. తేడా అల్లా లోపల కూర్చుని చిప్పును నడిపే సారథి ప్రోగ్రాములోనే. భానోజీ మొదటి పెట్టెలో అరక అనే సారథిని, రెండోదాంట్లో జాణను, మూడోదాంట్లో తేటను ఎక్కించి, మూడింటితోనూ ఒకే మాటల నమూనా పలికించాడు. అంతకుముందే, అలవాటు ప్రకారం, నమూనాలోని మౌనాలన్నీ కత్తిరించాడు. మాట లేని క్షణాన్ని తూచడం దండగ. పెట్టెలు తాగే విద్యుత్తును కొలిచే ఈ తూనికశాలలో ఎవరైనా నేర్చుకునే మొదటి పాఠం అదే.

తేటే గెలిచింది. అరక తాగిన విద్యుత్తులో సగంతోనే అంత పనీ చేసింది. ముసలి అరక పని ఉన్నా లేకపోయినా చిప్పు మొత్తాన్నీ మేలుకొలిపి ఉంచుతుంది. తేట ఒక మూలను వాడుకుంటూ మిగతాదాన్ని నిద్రపుచ్చుతుంది. మాట ఆగితే అంతటినీ పడుకోబెడుతుంది. ఆ పొదుపంటే భానోజీకి ముచ్చట. సాయంత్రంలోగా అతను ఆమోదముద్ర వేస్తే తీరంలోని గొంతులన్నిట్లోకీ తేట దిగుతుంది, అరక చెరిగిపోతుంది. ప్రయోగానికని తేటను కొందరి గొంతుల్లో ముందే ఎక్కించారు కూడా.

వాళ్లలో ఒకామె, నూకరత్నం, గుమ్మంలో నిలబడింది. చేపల రేవులో వేలంపాట నడిపే మనిషి. క్యాన్సర్ గొంతు తీసుకుపోయాక మెడకు కట్టిన పెట్టెతోనే పాడుతోంది.

"బాబూ, నా పెట్టెకేటో అయిపోయినాది. ఒకటోసారి అంతాను, రెండోసారి అంతాను..." ఆగింది. మళ్లీ పెదవులు కదిలాయి గానీ శబ్దం వెంటనే రాలేదు.

"మూడోసారి, అంతేగా?" మీటరు మీంచి చూపు తిప్పకుండానే భానోజీ పూర్తి చేశాడు. "పెట్టె బాగానే ఉందమ్మా. ఆగకుండా గబగబా మాట్లాడండి చాలు."

"గబగబా అంతే పాటెలాగ నడుస్తాది బాబూ? రెండోసారి అన్నాక కూసింత సేపు ఊరుకుంతాను. అప్పుడే ఎవుడో ఒకడు పైకి పాడతాడు. ఇప్పుడు ఊరుకుంతే నా గొంతే లెగడం నేదు. నిన్న రేవంతా నవ్వీసినారు. రేపట్నుంచి పాటకి వేరేవోళ్లని పెట్టుకుంతారంట." తల దించుకుంది. "తప్పు నాదేనేమోనని సిగ్గేసి ఇంటికాడ కూడా సెప్పనేదు."

భానోజీ చెవులు వేడెక్కాయి. సిగ్గుపడాల్సింది ఆమె కాదు. మౌనాన్ని కోసింది తన చెయ్యి. తేట నిద్రపోతుందని తెలుసు. లేవడానికి ఎంత తాగుతుందో, ఎంత ఆలస్యం చేస్తుందో ఎన్నడూ కొలవలేదు. పైగా ఇప్పుడే, ఆమె ఎదుటే, ఆమె ఆగితే మాట అయిపోయిందనుకున్నాడు. అచ్చం తేటలాగే. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అరక ఉన్న పెట్టెను తెచ్చి ఆమె మెడకు కట్టాడు. "అమ్మా, రేవులో పాడినట్టే పాడండి. ఆగవలసిన చోట ఆగండి."

ఆమె పాడింది. ఒక్క మౌనమూ కోయకుండా ఆ పాటనే నమూనాగా తీసుకుని మూడు సారథులనూ మళ్లీ తూచాడు. తేట అట్టడుక్కి జారింది. ప్రతి మౌనంలోనూ నిద్రపోయి, ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి, మాట మొదలు మింగి, అరక కన్నా ఎక్కువే తాగింది.

ఫలితాన్ని నమోదు చేసే ముందు కంప్యూటరు తెర అడిగింది: "నమూనాలో కోయని మౌనం ఉంది. కోయాలా, పనిగా లెక్కించాలా?"

పనిగా లెక్కిస్తే, ఆ లెక్కే పాత తూకాలకూ వర్తించి, తను ఇంతవరకూ గెలిపించిన సారథులన్నీ తిరిగి తూకానికొస్తాయి, ఒక్కొక్కదాని కిందా తన పేరుతో. శభాష్ అన్న నోళ్లే ఆ పేరు చదువుతాయి. కోసేస్తే ఎవరికీ తెలియదు. ఎదురుగా ఉన్న ఈమెకు కూడా.

'పనిగా' అన్న చోట వేలు పెట్టాడు.

తెర మీద ఫలితాలు వరసగా ఎర్రబడ్డాయి. గొంతుల తరవాత వినడానికి తోడ్పడే చెవిపెట్టెలు, ఆ తరవాత శ్వాస నడిపే ఊపిరిపెట్టెలు. తీరమంతటా మార్పు ఆగిపోయింది. నడవలోంచి ఎవరో అతన్ని పేరు పెట్టి కేకేశారు.

నూకరత్నానికి అవేవీ పట్టలేదు. తిరిగొచ్చిన గొంతుతో, బల్ల మీది అతని టిఫిన్ డబ్బాను వేలం వేస్తోంది.

"ఒకటోసారి... రెండోసారి..."

ఆగింది. మూడో మాట భానోజీ నాలుక చివరిదాకా వచ్చింది. తల వంచుకుని, ఆమె అనేదాకా నోరు మూసుకు నిలబడ్డాడు.