గడ్డి దూడ

హైదరాబాద్ పాతబస్తీ, శాలిబండలోని ఆ ఇంట్లో చుట్టాలను కూర్చోమని అడగడం మానేసి నాలుగేళ్లయింది. అడిగినా కూర్చోవడానికి చోటేది? సోఫా నిండా ఎలుగుబంట్లు. కుర్చీలో తల ఊపే జోకరు. బీరువా మీద, బియ్యం డబ్బా మీద, ఆఖరికి ఫ్రిజ్ మీద కూడా ఎవరో ఒకరు కాళ్లు చాపుకుని మనవైపే చూస్తుంటారు. వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి అడగాల్సింది అడిగి వెళ్లిపోతారు. వాడకట్టు ఆడవాళ్లు మొదట్లో ముచ్చటపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు. ఇప్పుడు తమ పిల్లల్ని ఆ ఇంటికి పంపడం లేదు.

ఇవన్నీ ఇంటి పెద్దావిడ ఆండాలు కోడలు గీతాంజలి తెచ్చినవే. ప్రతి గురువారం జుమ్మేరాత్ బజారుకు పోయి, ఎవరో ఆడుకుని పారేసిన బొమ్మల్ని ఏరుకొస్తుంది. కొత్త బొమ్మలు ఆమెకు పట్టవు. చెయ్యి ఊడినవీ, జుట్టు రాలినవీ తెచ్చి, నీళ్లు పోసి, తల దువ్వి, నడిమి గదిలో వరుసగా కూర్చోబెడుతుంది. ఆ గది నిండాకే మిగతావి ఇల్లంతా పాకాయి. ఆండాలు, ఐదేళ్ల మనవరాలు స్వీటీ ఇప్పుడు వంటింట్లో చాప వేసుకుని పడుకుంటున్నారు. బొమ్మల్ని ఇంకెవరూ ముట్టకూడదు. నాలుగైదు వందల బొమ్మలున్న ఆ ఇంట్లో, ఆడుకునే పిల్ల చేతికి మాత్రం ఒక్కటీ లేదు.

ఆ రోజు పొద్దున ఏడు దాటింది. వెనక కొట్టంలో గేదెల పాలు పితకడం అయిపోయి, కొడుకు సోమశేఖర్ క్యాన్లు బండికి కట్టుకుని హుస్సేనీ ఆలం వైపు వెళ్లాడు. ఆండాలు పేడ చేతులు కడుక్కుని, పిల్లకు జడ వేద్దామని దువ్వెన పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. చాప మీద దుప్పటి ఉంది. పిల్ల లేదు.

"స్వీటీ! ఓ స్వీటీ! ఆటో వచ్చే యాళ్లయింది. యాడున్నవే?"

పలుకు లేదు. ఆండాలు నడిమి గది గుమ్మం దాకా వెళ్లి ఆగింది. కిటికీకి అడ్డంగా బొమ్మలే ఉండటంతో ఆ గదిలో పగలు కూడా మసక చీకటే. పాత రబ్బరు వాసన. తన్నే గేదెకు కూడా జంకని ఆండాలుకు, ఈ గుమ్మం దాటాలంటే మాత్రం కాళ్లు ముందుకు పడవు. అన్ని కళ్లు ఒక్కసారి తనను చూస్తుంటే, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఈ మధ్య చాలాసార్లు అనిపించింది. వయసు మీద పడి చెవులు అలా ఆడిస్తున్నాయనుకుని ఎవరికీ చెప్పలేదు.

గీతాంజలి తడిగుడ్డతో బొమ్మల మొహాలు తుడుస్తోంది. ఒకటి కాగానే పక్కది, ఒక వరుస కాగానే ఇంకో వరుస. చంకలో చిన్న బొమ్మ ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఎప్పుడూ దించదు. చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది, చూపు మాత్రం ఎక్కడో ఉంది.

"గీతా, స్వీటీ గిటొచ్చిందా?"

"మీ దగ్గర్నే పండింది గదా అత్తమ్మా."

"చాప మీద లేదు."

"కొట్టంల చూడుండ్రి. జర మెల్లగ మాట్లాడుండ్రి అత్తమ్మా, వీళ్లింక లేవలే."

ఆండాలు కొట్టంలోకి పరుగెత్తింది. గడ్డి కుప్ప వెనక లేదు. మిద్దె మీద లేదు. గల్లీలో బడి ఆటో హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. చివరికి కుడితి తొట్టి దగ్గర కూలబడి, భుజం దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. ఏమీ తగల్లేదు. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు.

సోమశేఖర్ వచ్చాడు. తల్లి మాట పూర్తవకముందే బండి తిప్పి బస్టాపు దాకా, గుడి దాకా చూసి వచ్చాడు. ఎవరూ చూడలేదన్నారు. అరగంటకు ఇంట్లోకి వచ్చేసరికి గీతాంజలి ఒక బొమ్మకు జడ వేస్తోంది. అంతే, కొట్టంలోంచి ఖాళీ దాణా సంచులు లాక్కొచ్చి గదిలోకి దూరాడు.

"బిడ్డ కానొస్తలేదు గీతా! నీకు ఫికరన్నా ఉన్నదా? బొమ్మకు జడేస్తున్నవా?"

"యాడికి పోతది, వస్తది. ఏం జేస్తున్నవ్? వాటిని ముట్టకు!"

"ఇయ్యాలతోని ఈ లొల్లి బంద్."

మొదటి వరుసను రెండు చేతులా ఊడ్చి సంచిలోకి తోశాడు. రెండో వరుస కూడా. ఏదో బొమ్మలో తాళం కదిలి, సంచిలోంచి కిర్రుమని పాట మొదలై ఆగిపోయింది. గీతాంజలి సంచి పట్టుకుని వేలాడింది.

"వాటికి నొస్తది! మెల్లగ, నొస్తది వాటికి!"

"నొచ్చేది నాకు! ఏడేండ్ల సంది నాకు నొస్తున్నది, నీకు తెలుస్తలేదు!"

మూడో వరుసలో ఒక చెయ్యి దొరకబుచ్చుకుని లాగబోయి, అలాగే బిగుసుకుపోయాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

రెండు పెద్ద బొమ్మల మధ్య, పసుపు గౌనులో, కాళ్లు చాపుకుని స్వీటీ కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు. సోమశేఖర్ భయపడి వదిలేస్తే, ఆ చిన్న చెయ్యి అతను వదిలిన చోటే, గాల్లో అలాగే నిలబడి ఉంది.

"స్వీటీ!" ఆండాలు గుమ్మం దాటి వచ్చింది.

"ఏమైందే బిడ్డా? గింత పిలిస్తే పలుకవా?" అన్నాడు సోమశేఖర్.

గీతాంజలి మోకాళ్ల మీద కూర్చుని పిల్ల చెంప తాకింది. "దీని మొఖం సల్లగున్నదేంది? తడిగున్నది..."

"తుడిసినవు గదా మమ్మీ," అంది స్వీటీ, పెదాలు కదిలీ కదలకుండా. "రోజూ తుడుస్తవు."

"రోజూనా?"

"రెప్ప కొట్టకుంటే తుడుస్తవు. కొడితే బయటికి పో అంటవు."

ఇంతకాలం ఈ గదిలో వినిపించిన ఊపిరి ఎవరిదో ఆండాలుకు ఇప్పుడు తెలిసింది. తను రోజూ ఇదే గుమ్మంలో నిలబడింది. ఇటే చూసింది. చూసి కూడా బొమ్మే అనుకుంది. ఇక తల్లినొక్కదాన్నే తప్పు పట్టడం ఎలా?

సోమశేఖర్ పెళ్లాం మీద చెయ్యెత్తబోయాడు. ఆండాలు అడ్డం వచ్చింది.

"దాన్ననకు కొడుకా. తప్పు నాది."

పాల వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలిసిన పని ఒకటుంది. దూడ చచ్చిపోతే గేదె పాలు చేపదు, పొదుగులోంచి వదలదు. పొదుగు రాయిలా గట్టిపడి ఒళ్లు కాగిపోతుంది. అప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి, కుట్టి, గేదె ముందు నిలబెడతారు. అది వాసన చూసి, నాకి, పాలు చేపుతుంది. ఆండాలు భర్త ఓదెలు బతికున్నప్పుడు ఆ కుట్టుపనిలో ఆరితేరినవాడు. ఆండాలే సూది అందించేది.

ఏడేళ్ల కిందట తొలి చూలు సోనీ, పదకొండు నెలల పసిగుడ్డు, రెండు రోజుల జ్వరంలో పోయింది. గీతాంజలి ఏడవలేదు. తినలేదు. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి జ్వరంతో పడి ఉంటే, ఆండాలు చార్మినార్ దగ్గర ఒక బొమ్మ కొని, సోనీ గౌను తొడిగి, ఆమె ఒళ్లో పెట్టింది. కోడలు దాన్ని వాసన చూసింది. గుండెకు హత్తుకుంది. ఆ పూటే ఏడ్చింది, అన్నం తిన్నది. ఎంత తెలివైన పని చేశానో అని ఆండాలు చాన్నాళ్లు లోలోపల మురిసింది కూడా.

"ఆ ఈత పాలు అయిపోంగనే గడ్డి దుడ్డెను తీసి అవతల పారేస్తం," అంది ఇప్పుడు, కొంగు నోట్లో కుక్కుకుంటూ. "నేను తియ్యలే. కోడలు తింటున్నది, ఇల్లు సల్లగున్నదని ఊకున్న. ఒక్క బొమ్మ పదైంది, పది గిన్నైనయ్. మనిషిని బర్రె లెక్క చూసిన బిడ్డా. నన్ను మాఫ్ జెయ్."



"నాకు తెల్సు అత్తమ్మా," అంది గీతాంజలి. "మొదటి దినమే తెల్సు. బర్రెకు గూడ తెలుస్తుండొచ్చు, అది దుడ్డె గాదని. ఐనా నాకుతది."

"మరెందుకే గిట్ల?" అన్నాడు సోమశేఖర్.

"ఇవి సావవు." ఆమె చుట్టూ చూసింది. "స్వీటీని ఎత్తుకుంటే నా చేతులు వణికేటియి. ఊపిరి తీస్తున్నదా లేదా అని దాని ముక్కు కాడ వేలు పెట్టి కూసునేదాన్ని. ఇవి ఊపిరి తియ్యవు. ఆగిపోతదని భయముండదు."

ఆ మాటకు సోమశేఖర్ చేతిలోని సంచి జారిపోయింది. పెళ్లాం పిల్లను పట్టించుకోదనే అనుకున్నాడు గాని, ఇంత భయపడుతోందని అతనికి ఏనాడూ తట్టలేదు.

గీతాంజలి చంకలో ఉన్న బొమ్మను తీసింది. వెలిసిపోయిన సోనీ గౌను అంచును ఒకసారి సర్దింది. అత్త చేతుల్లో పెట్టింది. చేతులు ఖాళీ అయ్యాక ఏం చెయ్యాలో తెలియనట్టు ఒక క్షణం ఆగి, స్వీటీని ఎత్తి ఒళ్లోకి తీసుకుంది. పిల్ల కర్రలా బిగుసుకునే ఉంది.

"రెప్ప కొట్టు బిడ్డా."

"బయటికి పో అంటవు."

"అనను. నా తోడు, అనను. జర కొట్టు తల్లీ."

స్వీటీ నాన్నను చూసింది. నానమ్మను చూసింది. ఇది కూడా ఆటేమోనని అనుమానం. తర్వాత మెల్లగా రెప్ప వేసింది. అంతసేపు తెరిచి ఉంచిన కళ్లలోంచి నీళ్లు జలజలా కారాయి. ఒళ్లు వదులైంది. తల్లి మెడలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గీతాంజలి చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా పిల్లను వదల్లేదు.

ఏడుపు సద్దుమణిగాక స్వీటీ ముక్కు ఎగబీల్చి, "ఆకలైతున్నది," అంది.

గీతాంజలి గబగబా లేవబోయి ఆగింది. ఆ గదిలో ఏ బొమ్మకు ఏ గౌను బిగుతో, దేని తల ఎటు వాలుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. అత్త వైపు తిరిగి, దొంగతనం ఒప్పుకుంటున్నంత మెల్లగా అడిగింది.

"అత్తమ్మా... ఇది పొద్దుగాల ఏం తింటది?"

ఆండాలు నోటిదాకా జవాబు వచ్చింది. ఐదేళ్లుగా తినిపిస్తున్నది ఆమే మరి. ఆ జవాబును బలవంతంగా మింగేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"దాన్నే అడుగు బిడ్డా. అది చెప్తది."