మూడో హైసా

పదకొండు గంటల నలభై రెండు నిమిషాల ఏడు సెకన్లు.

ఆ క్షణాన హమాలీ పీరప్ప కందుల గుంట పక్కనున్న పసుపు బటన్ నొక్కాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. గుంటలోకి దిగాడు. నాలుగు సెకన్ల తర్వాత అడుగునున్న ఇనుప స్క్రూ తిరిగింది.

ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే అది మిషన్ పుణ్యమే. సెకన్లతో సహా రాసుకుంది. మనిషి కేక ఒక్కటే రాసుకోలేదు.

2007 మార్చి పదమూడు, మంగళవారం. కర్ణాటకలోని బీదర్‌లో గాంధీ గంజ్ వెనక రోడ్డు. కొత్తగా పెట్టిన పప్పుమిల్లు.

సబ్ ఇన్‌స్పెక్టర్ అహరోను పన్నెండుంబావుకు జీపు దిగేసరికి శవాన్ని పైకి తీసి గోనెపట్టా కప్పారు. కుడి పిడికిట్లో పురికొస ముక్క బిగిసే ఉంది. బస్తా నోటి కుట్టుతాడు. గుంటలో పడితే స్క్రూకు చుట్టుకుంటుంది. దాన్ని తీయడానికే దిగాడని ఎవరికైనా తెలుస్తుంది.

అహరోనుది మంగళగి అనే పల్లె. పదో తరగతి తప్పి, కానిస్టేబుల్‌గా చేరి, ఇరవై ఆరేళ్లు సెల్యూట్లు కొడితే భుజం మీదికి రెండు నక్షత్రాలు వచ్చాయి. చదువుకున్నవాళ్లంటే ఆయనకు భయం లేదు. వాళ్లు చేసిన తప్పుకు ఇంగ్లీషులో ఒక మంచి పేరుంటుందని మాత్రం తెలుసు.

మిల్లు పద్ధతి ఇది. కింద కందులు కుమ్మరించే గుంట, దాని అడుగున వాటిని లోపలికి తోసే స్క్రూ. గోడ అవతల, పైన, కేబిన్. అక్కడ స్టార్ట్ నొక్కిన నాలుగు సెకన్లకు స్క్రూ తిరుగుతుంది. ఒకరికొకరు కనబడరు. గుంటలోకి దిగేవాడు పసుపు బటన్ నొక్కాలి. ఆకుపచ్చ వెలిగితే మిషన్ వాడి చేతికొచ్చినట్టు. ఇక పైన ఆపరేటర్ స్టార్ట్ నొక్కినా ఎర్రదీపమే వస్తుంది, స్క్రూ కదలదు. ఒకసారికి ఒకరికే ఆకుపచ్చ. దాన్ని దాటి స్క్రూ తిప్పాలంటే ఒకటే దారి, రిపేరువాళ్లు వాడే బైపాస్ తాళంచెవి. అది కేబిన్‌లోనే వేలాడుతుంది.

ఆ కేబిన్‌లో ఉన్నది సాయిలు. పీరప్ప భార్య సుందరాబాయికి సొంత తమ్ముడు. బగ్దల్‌లో రెండిళ్లకూ ఒకే బోరు. మొన్న ఆదివారం నీళ్ల వంతు దగ్గర బావాబామ్మర్దులు కాలర్లు పట్టుకున్నారు. ఊరంతా చూసింది.

మిల్లు యజమానికి ఇంకేం కావాలి? ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఇంకేం కావాలి? సాయంత్రానికి సాయిలు మీద సెక్షన్ మూడొందల రెండు, హత్య కేసు, పడింది.

లాకప్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు అహరోను.

"తాళంచెవి ముట్టినవా?"

"లే సారూ."

"స్టార్ట్ ఒత్తినవా?"

"ఒత్తిన."

"ఏ దీపమొచ్చింది?"

"పచ్చది."

"కింద మీ బావకూ పచ్చదే వచ్చింది, నలుగురు చూసిన్రు. ఇద్దరికెట్లొస్తదిరా?"

"నాకైతే వచ్చింది సారూ. ఎర్రదొస్తే చెయ్యి తీస్త గద. నీళ్లకాడ కొట్టుకుంటం, మల్ల పొద్దుగాల ఒక్క బండి మీదనే పనికొస్తం. ఆయన లేకుంటే నేను గంజ్‌కు నడిచి రావాలె."

అబద్ధం చెప్పేవాడు బండి సంగతి ఎత్తడు. అహరోను స్టూలు వెనక్కి జరిపాడు.

మర్నాడు పదిన్నరకు హైదరాబాద్ నుంచి శ్రీకర్ దిగాడు. మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీర్. ముప్పై నిండలేదు. మెడలో కార్డు. ల్యాప్‌టాప్ తగిలించి అరగంటలో లాగ్ తీశాడు. వరుస నంబర్ 8814. టైమ్ 11:42:07. మిషన్ గుంటకు ఇచ్చినట్టు రాసి ఉంది. అంటే పీరప్పకే. అయినా స్క్రూ తిరిగిందంటే పైన బైపాస్ తాళం తిప్పారన్నమాటే. లాగ్ తప్పు చెప్పదు సార్, అన్నాడు. ఆ వెంటనే కంపెనీ ఆర్డరు ప్రకారం మిషన్‌కు కొత్త వెర్షన్ ఎక్కించడం మొదలుపెట్టాడు.

అది ఎక్కుతుండగా చాయ్ తాగుతూ తన గొప్ప కూడా కొంత చెప్పుకున్నాడు. కెర్నెల్ అంటే మిషన్ మెదడులో అట్టడుగు పొరట. ఇప్పుడు మిషన్ ఎవరిది అని తేల్చేది అక్కడేనట. మిషన్ మీది ఆ హక్కునే వాళ్లు తాళం అంటారట. అది ఖాళీగా ఉందా అని చూడటం, దాన్ని తీసుకోవడం మునుపు ఒకే గుటకలో జరిగేవట. మధ్యలో ఇంకెవరూ దూరలేరు. దాన్ని ఆటమిక్ అంటారట. టైమ్ ఎక్కువ తింటోందని తానే దాన్ని రెండు ముక్కలు చేశాడు. నలభై శాతం స్పీడు పెరిగింది. కంపెనీ స్టేజీ మీద షీల్డు ఇచ్చింది. అప్పుడు బోర్డులో ప్రాసెసర్ ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు పెట్టారు, గుంటకొకటి, కేబిన్‌కొకటి. పది మిల్లీసెకన్లకోసారి రెండూ ఒక్క గంటకు లేచినట్టు లేచి తమ తమ బటన్లు చూసుకుంటాయి.

అహరోనుకు సగమే అర్థమైంది. మిగతా సగం కాల్లో విరిగిన ముల్లులా ఉండిపోయింది.

మూడో రోజు సుందరాబాయి స్టేషన్‌కు వచ్చింది. ఏడవలేదు. కాయితాలేవీ అడగలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మొగడు ఎట్లా రాడు సారూ. తమ్ముడొస్తే తలుపు తియ్యాల్నా వద్దా? గంత చెప్పు."

చెప్తానన్నాడు అహరోను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఐదో రోజు మళ్లీ గంజ్‌కు వెళ్లాడు. పక్క మిల్లులో పీరప్ప పనిచేసిన హమాలీ ముఠాయే బస్తాలు ఊపుతోంది. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. జోర్ లగాకే, హైసా. జోర్ లగాకే, హైసా. మూడో హైసాకు బస్తా గుంటలో కుమ్మరించుకుంది. అహరోను పావుగంట చూశాడు. తర్వాత మేస్త్రీ చంద్రప్పను పక్కకు పిలిచాడు.

"ఆ రోజు సాయిలు స్టార్ట్ ఎప్పుడు ఒత్తిండు?"

"మూడో హైసాకు. పాత మిల్లుల కాన్నుంచి గదే అలవాటు. ఆగిన స్క్రూ మీద గింజ పడితే పట్టేస్తుండె. అందుకే హైసా పదం ఇనుకుంటనే పైన బటన్ ఒత్తుతరు."

"పీరప్ప?"

"రెండో హైసాకు తాడు జారుడు చూసిండు. మూడోదానికి బటన్ మీద చెయ్యేసిండు."

"చూసినోడు అప్పుడే ఎందుకొత్తలే?"

చంద్రప్ప ఆయన్ను వింతగా చూశాడు. "హమాలీ చెయ్యి ఉత్తగ లేస్తదా సారూ? పదం పడాలె."

అహరోను కేబిన్ ఎక్కాడు. స్టార్ట్‌కు ఆకుపచ్చ వచ్చిన ప్రతిసారీ చిన్న చీటీ ఒకటి బయటికొస్తుంది. ఆపరేటర్ దాన్ని మేకుకు గుచ్చుతాడు. ఆ రోజు నుంచి మిల్లు బంద్. మేకు మీద పైచీటీ ఆ రోజుదే. పంచనామా చేసినవాళ్లు దాన్ని తిప్పి కూడా చూడలేదు.

8814. 11:42:07. స్టార్ట్.

బైపాస్ తాళం తిప్పి చూశాడు. చీటీ రాలేదు. మళ్లీ తిప్పాడు. రాలేదు.

తాళంచెవితో తిప్పితే చీటీ ఉండదు. చీటీ ఉందంటే సాయిలుకు ఆకుపచ్చ వచ్చినట్టే. పైగా లాగ్‌లో ఉన్న నంబరే చీటీ మీదా ఉంది. ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చి ఉంటే ఒక నంబర్ 8814, ఇంకోటి 8815 కావాలి.

అహరోను చీటీని రెండు వేళ్లతో పట్టుకుని మెట్లు దిగాడు. ముఖ్యమైన కాయితం ఏది దొరికినా ఆయన చేసే పని ఒకటే. రేషన్ కార్డు, ప్రమోషన్ ఆర్డరు, కూతురి మార్కుల మెమో, ఇంట్లో అన్నిటికీ లామినేషనే. కోర్టు పక్కనున్న జిరాక్స్ షాపుకు వెళ్లాడు. చెడకుండా ఉండాలని మందం ప్లాస్టిక్ అడిగాడు.

వేడి తగిలితే నల్లబడే కాయితం అది. లామినేషన్ మిషన్ ఈ పక్కనుంచి మింగి ఆ పక్కనుంచి కక్కింది. చేతికి నల్లటి పలక వచ్చింది. షాపువాడు నాలుక కరుచుకున్నాడు. అహరోను పలకను ఎండకు పెట్టి చాలాసేపు చూశాడు. అక్షరం మిగల్లేదు.

మార్చి ఇరవై రెండు, గురువారం. ఉదయం పదిన్నర. అహరోను బతిమాలితే ఇన్‌స్పెక్టర్ ఒక గంట ఇచ్చాడు. మిల్లులో యజమాని, శ్రీకర్, చంద్రప్ప ముఠా. సాయిలు బేడీలతో. సుందరాబాయి గోడవారన చతికిలబడి. స్క్రూ బెల్టు ఊడదీశారు. దీపాలు మాత్రం వెలుగుతాయి.

"బీదర్ బస్టాండ్ చూసినవా శ్రీకర్?" అన్నాడు అహరోను. "బస్సు రాంగనే కిటికీలకెళ్లి చూస్తరు. సీటు ఖాళీ. తువ్వాల ఏస్తరు. చూసుడు ఒకటి, ఏసుడు ఒకటి. ఈ కిటికీకాడ నేను, ఆ కిటికీకాడ నువ్వు ఉంటే? ఇద్దరం ఒక్కపారే చూస్తం. ఇద్దరికీ ఖాళీయే. ఇద్దరం ఏస్తం. పైన పడ్డ తువ్వాలే నలుగురికి కనబడ్తది. నీ లాగ్ చూపించేది పైతువ్వాలనే."

శ్రీకర్ ల్యాప్‌టాప్ మూత దించాడు.

"ప్రాసెసర్ ఒక్కటున్నప్పుడు బస్సుకు కిటికీ ఒక్కటే. నువ్వు ముక్కలు చేసినా ఏం కాలె. రెండోది పెట్టినంక ఎవ్వరన్నా ఆ తాళాన్ని తిరిగి చూసిన్రా?"

మరి హైదరాబాద్‌లో వేలసార్లు టెస్ట్ చేసినా ఎందుకు బయటపడలేదని ఇన్‌స్పెక్టర్ కన్నడంలో అడిగాడు. అక్కడ ఎవరికి తోచినప్పుడు వాళ్లు నొక్కుతారు, ఒకే రెప్పపాటులో ఇద్దరి చేయీ పడదు అన్నాడు అహరోను. ఇక్కడ పడుతుంది. ఇద్దరూ మూడో హైసా కోసమే చేయెత్తి ఉంటారు. చీటీ సంగతి కూడా చెప్పాడు. నల్లపలక చూపించాడు. యజమాని నవ్వు దాచుకోలేదు. అహరోను తన నోట్‌బుక్‌లో రాసుకున్న నంబర్ చూపించాడు. నీ రాతకు నువ్వే సాక్షివా, అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అహరోను శ్రీకర్ వైపు తిరిగాడు. "తాళం చూసుడు, తీసుకునుడు. ఒక్క గుటకనా, రెండా?"

"ఇప్పుడున్న వెర్షన్‌లో ఒకటే సార్."

"ఆ రోజు?"

శ్రీకర్ మెడలోని కార్డును వేలికి చుట్టుకున్నాడు. "ఆ రోజుది ఇప్పుడు ఇందులో లేదు సార్. దాని గురించి మా లాయర్‌ను అడగండి."

చావు జరిగిన మర్నాడే, తన కళ్లముందే, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే తప్పును దిద్దేసి వెళ్లారని అహరోనుకు అప్పుడు తెలిసింది.

అయినా చేయించాడు. ఏం చేస్తాడు మరి? సాయిలు కేబిన్ ఎక్కాడు. చంద్రప్ప గుంట దగ్గర బటన్ మీద చేయి పెట్టాడు. ముఠా ఖాళీ బస్తా ఊపింది. జోర్ లగాకే, హైసా. మూడోదానికి ఇద్దరూ నొక్కారు. కింద ఆకుపచ్చ, పైన ఎరుపు. మళ్లీ. పైన ఆకుపచ్చ, కింద ఎరుపు. మళ్లీ. యాభై సార్లు. నూరు సార్లు. ముఠా గొంతులు బొంగురుపోయాయి. నూట ఎనభై దగ్గర యజమాని కుర్చీ తెప్పించుకున్నాడు. రెండొందలు.

ఒక్కసారి కూడా ఇద్దరికీ పచ్చ రాలేదు.

సాయిలు కేబిన్ దిగి వచ్చాడు. మొహం చెమటతో తడిసిపోయింది. అక్క వైపు చూడలేదు.

"ఇగ సాలు సారూ. తాళంచెవి నేనే తిప్పి ఉంట."

"నువ్వు తిప్పలేరా. నేను చెప్తున్న గద."

"గిన్ని సార్లు ఒత్తినం. ఇద్దరికి ఒక్కపారన్న వచ్చిందా? మరి ఆ రోజు బావకొచ్చిన పచ్చది నాకు గూడ ఎట్లొస్తది? ఆయితారం నాటి కోపం చేతుల ఉన్నదేమో. నాకు యాదికి లేదు."

"లేదురా సాయిలూ."

"మీరు చూసిన్రా?"

సుందరాబాయి లేచి కొంగు దులుపుకుంది. అక్కా, ఆగు, అని అహరోను పిలుస్తూనే ఉన్నాడు. ఆమె గేటు దాటి బగ్దల్ ఆటోల వైపు నడిచిపోయింది.

రేపు మెజిస్ట్రేట్ ముందు ఇదే చెప్పించమన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈలోగా స్టేట్‌మెంట్ రాయమన్నాడు. అహరోను బస్తాల మీద కూర్చుని కన్నడంలో రాశాడు. తెలుగులో చదివి వినిపించాడు. ప్రతి వాక్యానికీ సాయిలు తలూపాడు.

సాయిలు ఏడో తరగతి దాకా చదివినవాడే. సంతకం వచ్చు. అయినా పెన్ను ఇస్తే తీసుకోలేదు. ఏ చెయ్యి ఆ పని చేసిందో దాంతోనే పెడతానని కుడిచేతి బొటనవేలు చాపాడు.

అహరోను ఇంకు ప్యాడ్ మూత తీశాడు.